తాళం వేసిన డయలు

ముందు బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తాను.
ఆసుపత్రి వాసనొస్తే బేకలైటు,
రాకపోతే వట్టి ప్లాస్టిక్కు,
పక్కన పడేసి టీ చెప్తాను.

ఇది అసలుదే.
పట్నంబజారులో గ్రంధి వారి మేడ పడగొట్టినప్పుడు
పాతినుము ఖాసిం పీరా తూకానికి కొన్నాడు.
బెంగుళూరు అచ్చు, నేరేడుపండు నలుపు,
గుడ్డ అల్లిన తీగ, పొట్టకింద చిన్న సొరుగు.
సొరుగుంటే రెండు వేలు ఎక్కువ పలుకుతుంది,
అది ఇరుక్కుపోకుండా జారితే ఇంకో వెయ్యి.

మూత విప్పాను.
రెండు గంటల మధ్య నుంచి ఎర్రటి దుమ్ము.
ఎప్పటి పంటో, ఎవరి టిక్కీలోదో,
ఏడు తుమ్ములు ఏకబిగిన.
కింద మిరపకాయల కొట్టు, పైన కాపురం;
కారాన్ని మెట్లెక్కొద్దని ఎవరు చెప్పగలరు?

ఒకటో కన్నం అంచున గీత. తాళం గీత.
చెవి సుబ్బారాయుడి మొలతాడుకి వేలాడేదట,
స్నానానికెళ్లినా.

కానీ రిసీవరు కింది బొడిపెలు రెండింట్లో
ఎడమది మాత్రమే అరిగింది.
ముప్పయ్యారేళ్లు ఎక్స్ఛేంజిలో చేసినవాణ్ణి,
పెట్టి తీస్తే అరిగే అరుగుడు వేరు.
ఇది వేలితో కొట్టింది.
మూడు కొట్టి ఆగితే మూడు,
సున్నా కావాలంటే పది,
తాళం చూస్తూ ఉండగానే నంబరు కలుస్తుంది.

పీరానడిగితే నవ్వాడు:
"మా నాంచారమ్మత్త! కొట్లో తొడిమలు తీసేది,
రాత్రుళ్లు మేడమీద కాపలా పడుకునేది.
కోడలు పెద్దాసుపత్రిలో పురిటికి చేరితే
చీటీ మీద గీతలు గీసుకుని కొట్టేదంట.
ఆ నంబర్లో రెండు సున్నాలు."
మండే వేలితో, చీకట్లో,
లెక్క తప్పితే మళ్లీ మొదట్నించి.

భుజంగరావు గారు బెజవాడ నుంచి భూతద్దంతో వచ్చారు.
తిప్పి చూశారు, కొట్టి చూశారు, సొరుగు లాగారు.
"ఆ బొడిపె మార్చేయండి, లోపల దులిపించండి,
పదిహేను వేలు."
"మారిస్తే ఎనిమిదే చాలండి,
అరుగుడుతో అయితే ఇరవై" అన్నాను.
బేరమనుకున్నారు పాపం.
గీతలేని ఎర్రది ఇంకోటి చూసుకుని పోయారు.

అరండల్‌పేటలో కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో
దాన్ని ఒళ్లో పెట్టుకుంటాను.
తీగ చివర ఏమీ లేదు.
ఎడమ బొడిపె మీద చూపుడువేలు:
రెండు. ఆగాలి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఎనిమిదా, తొమ్మిదా?

మళ్లీ మొదట్నించి.