మూడో రాయి

పంచాయితీ వాళ్లు నాకిచ్చింది
పసుపు డబ్బా ఒకటి, నలుపు డబ్బా ఒకటి,
రోజుకి ఆరొందలు. భోజనం నాదే.
ఫ్లెక్సీలొచ్చిన కాణ్ణుంచి
అటక మీద కిరసనాయిల్లో పడుకున్న కుంచెల్ని
పదకొండేళ్ల తర్వాత లేపాను.
ఒకటే లేచింది.

నేరేడులంక లాకుల దగ్గర మొదలై
వశిష్ఠని ఎడంపక్కన పెట్టుకుని
గట్టు మీదుగా మూడు కిలోమీటర్ల నడక బాట.
తుమ్మకంప నరికి, ఎర్ర గ్రావెల్ పోసి, రోలర్ తిప్పి
జనం నడవడానికి దారి వేశామన్నారు.
నడుస్తూనే ఉన్నాం కదండీ, అన్నాను.
అది నడక కాదయ్యా, పనికెళ్లడం, అన్నాడు ఏ.ఇ. గారు.
నాకూ నవ్వొచ్చింది. నిజమే మరి.

మొదట సున్నా రాశాను.
సున్నా కష్టం, రాతగాళ్లెవర్నడిగినా చెబుతారు:
చెయ్యి బయల్దేరిన చోటికే
అతుకు తెలియకుండా తిరిగి రావాలి.

కొంత దూరం పోయాక కోకో తోట.
కొబ్బరి నీడలో పగలగొట్టిన కాయలు,
చెక్కపెట్టెల్లో అరిటాకుల కింద పులుస్తున్న గింజలు.
ఆ పులుపు గట్టెక్కి మరీ పలకరిస్తుంది.
తణుకు నుంచి కొత్త బూట్లతో వచ్చినమ్మాయి
ముక్కు మూసుకుని అడిగింది,
చాక్లెట్ ఇలా ఉంటుందా అని.
గింజలు తిరగేస్తున్న మంగాయమ్మ తలెత్తకుండానే
"ఎలాగుంటదో నువ్వే చెప్పాలమ్మా,
నేనెప్పుడు తిన్నానూ" అంది.

ఒకటో రాయి
వాసంశెట్టి తాతారావు మోకు విప్పుకునే చోట పడింది.
ఆయన తాడి దిగి, లొట్టి దించి,
రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.
"ఒకటేంటి? నా లెక్కలో ఇది పదిహేడు."
తాటాకు దొప్పలో కొంచెం పోశాడు.
పొద్దుటి కల్లు, ఇంకా తియ్యగానే ఉంది.
ఒకటి కాస్త ఒరిగింది.
ఉండనీ అని వదిలేశాను.

రెండో రాయి పక్కన సిమెంటు బెంచీ,
ఏటికేసి చూస్తూ.
దాని మీద అందరికంటే ముందు కూర్చున్నది
ఒక రొయ్యల బుట్ట.
బుట్ట దించుకున్న మనిషి నేల మీదే కూర్చుని
మెడ నొక్కుకుంటోంది.

ఆపైన బాట గట్టు దిగి ఒడ్డు పట్టుకుంటుంది.
మూడు దగ్గర టేపు లాగితే
చివర నీళ్ల మీద వేలాడింది.
పోయిన శ్రావణం దాకా అక్కడ ఒడ్డుంది.
దానికి అవతల మా అమ్మమ్మ అరటితోట.
దానికీ అవతల ఒక వీధి. అది నేను చూళ్లేదు.
పడవలో పోతుంటే ఆవిడే నీళ్లలోకి వేలు చూపించి
"ఇదిగో, ఇది కరణంగారి అరుగు" అనేది.
కాళ్లు ముడుచుకునేవాణ్ణి, తగులుతుందేమోనని.

ఏ.ఇ. గారు ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరిగి
నలభై అడుగులు వెనక్కి పాతించారు.
"మూడనే రాయి. ఎవడు కొలుస్తాడు?"

రాశాను.
మూడు సున్నాలా మూసుకోదు,
ఓ పక్క తెరుచుకునే ఉంటుంది.
ఎడంపక్క, ఏటివైపు.
నలుపు డబ్బాలో అడుగున కొంచెం ఉంచి
మూత గట్టిగా బిగించాను.
వచ్చే ఏడు మళ్లీ జరపాలిగా.

కూలీ డబ్బులు జేబులో పెట్టుకుని
మూడు నుంచి సున్నాకి నడుస్తున్నాను.
సాయంత్రపు గీతకి ఎక్కిన తాతారావు
మట్టల్లోంచి కేకేశాడు: "ఏటి, ఏదన్నా మర్చిపోయావా?"
లేదు, ఊరికే నడుస్తున్నానన్నాను.

"ఊరికేనా!"
పైనుంచి నవ్వు రాలింది,
దాని వెనకే రెండు చుక్కల కల్లు.