చివరి సైకిలు

ప్రాణహిత మీద మంచు ఇంకా విడవలేదు.
సిరొంచ చౌరస్తాలో తొమ్మిది సైకిళ్లకు గాలి కొడుతున్నాం.
ఒక్కటే పంపు, అదీ నాది.
నాదే ఎందుకంటే, నేను తోకని.
అందరికంటే వెనక తొక్కడం నా పని.
పంక్చరు డబ్బా, రెండు ట్యూబులు, నొప్పుల మందు.
ఎవరాగితే వాళ్లతో ఆగాలి,
ఎవరినీ దాటకూడదు.

మంచిర్యాల వదిలి మూడో రోజు.
ముఖాలు మర్చిపోయాను,
వీపులు మాత్రం కంఠతా వచ్చేశాయి.
ఫర్జానాది నిటారు వీపు, బడిలో డ్రిల్లు చెప్పే వీపు.
గట్టు మల్లేశం వీపు మీద చెమట
ఏడింటికి కుంటంత, పదింటికి జిల్లా అంత.
సమ్మిరెడ్డి సారు
గ్రామీణ బ్యాంకులో ముప్పై రెండేళ్లు వంగి వంగి
ఇప్పుడు హ్యాండిలు మీద కూడా
ఏదో మొత్తం కలవనట్టే వంగుతాడు.

బామ్ని దాటాక రోడ్డు అయిపోయింది.
అంటే, ఉంది, కాగితం మీద.
"గుంత!" అని ముందువాడు అరుస్తాడు,
"గుంత!" అని రెండోవాడు, మూడోవాడు,
ఆ కేక నా దాకా వచ్చేసరికి
నేను అందులోంచి లేస్తుంటాను.

ఆకులు కాల్చిన నల్లటి నేల మీద
ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్లు
తలెత్తి మమ్మల్ని లెక్కపెట్టారు.
నా దగ్గరికొచ్చాక ఒకామె అడిగింది,
"అయిపోయిన్రా?"
"అయిపోయినం" అన్నాను.
గంప జరుపుకుని మళ్లీ వంగింది.

జిమలగట్ట దగ్గర సారు వెనక చక్రంలో
రెండు పుల్లలు టప్పున తెగాయి.
మిగతావాళ్లకు చెయ్యి ఊపాను, పొమ్మని.
రేకుల కొట్టు, కర్రకు వేలాడేసిన టైరు.
రైను తలాండి, పద్దెనిమిదేళ్లుంటాయేమో,
చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు.
ఒక్కో పుల్లనూ మీటి
శ్రుతి తప్పినవాటిని బిగించాడు.
మాతో సగం తెలుగు, సగం మరాఠీ,
చక్రంతో మాట్లాడింది మాత్రం గోండిలో.
"కుఠె జాతా? ఆలాపల్లికా? బస్సుంది గదా."
"తెలుసు" అన్నాడు సారు.
"మరి?"
ఇంత కష్టమైన ప్రశ్న ఆడిటరు కూడా అడిగి ఉండడు.
"కూచుని, కూచుని..." అని ఆగిపోయాడు.
చాలాసేపటికి,
"ఎంత ఇమ్మంటవ్?" అన్నాడు.

మూడున్నర. ఏడు వీపులూ ఎక్కడో అడవి లోపల.
ఆకు రాల్చిన టేకులు నీడ ఇవ్వవు,
రోడ్డు మీద గీతలు గీస్తాయంతే.
ఎత్తు వచ్చినప్పుడల్లా సారు దిగి నడిచాడు.
నేనూ దిగాను.

రేపన్‌పల్లి ఇవతల
వెనక ఏదో గొలుసు కిర్రుమంది.
పెద్ద సైకిలు మీద చిన్న పిల్ల.
సీటు అందక, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి
కైంచీ తొక్కుతోంది.
క్యారేజీ మీద గిర్నీలో పట్టించిన జొన్నపిండి సంచి,
కనుబొమ్మల మీద కూడా పిండే.
దాటిపోదు. నేను నెమ్మదిస్తే నెమ్మదిస్తుంది,
ఆగితే ఆగుతుంది, ఒంటికాలు నేలకు ఆన్చి.
పేరడిగితే గొలుసు కేసి చూసింది.

మూడు రోజుల్లో మొదటిసారి
నా వెనక ఒకరు.
నా వీపు ఎలా ఉంటుందో నాకు తెలీదు.
నలభై మూడేళ్లలో, జాకెట్టు కొలతలప్పుడు తప్ప
దానితో ఎవరికీ పని పడలేదు.
చొక్కా కిందికి లాక్కున్నాను.
కొంచెం నిటారుగా కూచున్నాను.
ఎదురుగా గుంత.
"గుంత!" అని అరిచాను,
వెనక్కి.
"గుంతా!" అని అరిచింది ఆ పిల్ల
తన వెనకున్న అడవికి.

ఇంకో రెండు కిలోమీటర్లకి
చెప్పకుండానే ఎర్రమట్టి బాట పట్టింది.
మలుపు దగ్గర కాస్త పిండి రాలి ఉంది.

ఆలాపల్లిలో ఏడుగురూ స్నానాలు చేసి
అన్నాలు కూడా తినేశారు.
"ఇంతాలస్యమా" అంది ఫర్జానా.
మల్లేశం పంపు అడిగాడు.