రీలుకు జోడు

పడవ ఇంజను ఖరీదు రీలు,
పాత బనీనులో చుట్టి తెచ్చినా.
కృష్ణపట్నం రాళ్లకట్ట మీద
అంగడోడిచ్చిన మూడు రాడ్లూ పరిస్తే
కాటంగారి పోలయ్య
రీలు వైపు చూడనే లేదు.

ఒక్కోదానికీ దారం కట్టి
తడిసిన తన టైరు చెప్పు వేలాడదీశాడు.
ఎర్రది కొసకాడే వణికింది.
నల్లది అసలు వంగలా.
"దీంతో లాగితే పండుగప్ప రాదబ్బా,
దవడ మాత్రం ఊడొస్తాది."
మూడోది, గీతలు పడింది,
మెల్లంగా నడుందాకా వంగి
చెప్పును నీళ్ల మీంచి పైకి తెచ్చింది.

రీలు ధర అడిగాడు. చెప్పినా.
చెప్పు విప్పి కాలికి తొడుక్కుంటా
"ఇంట్లో చెప్పబాక" అన్నాడు.

పోటు మొదలయింది.
కొత్త ముడి వేసి గాలం విసిరినా.
ఇంకా ఏ చేపా తగల్లా,
వేళ్లకు
ఆ చెప్పు బరువే.