నల్లగుడ్డ మీద పూసలు

ఫహాహీల్‌లో మూడో అంతస్తు.
వంటింటి ట్యూబులైటు కింద
అబాయా కత్తిరించగా మిగిలిన ముక్క పరిచి
గొట్టంమాత్ర మూత విప్పుతాను.
లోపల తెల్లటి పూసలు,
ఆవగింజ కంటే సన్నం.
సూదిమొనతో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతాను.
పగలంతా ఇదే పని నాది,
ఎవరెవరి పెళ్లిళ్లకో నల్లటి చేతుల అంచుకు పూసలు కుట్టడం.
రాత్రి మాత్రం కుట్టేది కాదు,
విప్పేది.

మొదట తెలీక ఒక్కసారే మానేశాను.
చీటీ అయిపోయింది, అకామా ఇంకా ఆఫీసులో ఉంది,
బాగానే ఉన్నాను కదా అనుకున్నా.
మూడోనాడు బస్సులో
కిటికీ వైపు కళ్లు తిప్పానో లేదో
తల లోపల ఎవరో స్విచ్చి వేసి తీశారు.
చిట్.
మళ్లీ చిట్.
చూపు ముందు వెళ్లిపోయింది, తల వెనకాల వచ్చింది,
నడుమ ఎక్కడో నేను దిగబడిపోయాను.
అబూ హలీఫా దాటి రెండు స్టాపులు పోయాక గానీ
నా ఊరిపేరు నాకు గుర్తుకు రాలేదు.

ఆ తర్వాతి రాత్రులు చెప్పనలవి కాదు.
ఏసీ చల్లగానే ఉంది, దిండు మాత్రం పిండితే కారేట్టు తడి.
కలలో కుట్టుమిషను సముద్రం మీద పెట్టుకుని తొక్కుతున్నా,
నీళ్లకు కుట్టు పడదు.
సబ్బు ప్రకటనలో చంటిపిల్ల నవ్వితే
గంటసేపు ఏడ్చాను.

దస్తగిరమ్మ అంది, "గాలి సోకిందే నీకు."
ఎండుమిరపకాయలు దిగదుడిచి స్టవ్ మీద కాల్చింది.
పొగకు మంటల అలారం మోగి
బిల్డింగంతా కిందికి దిగింది,
హారీసు తిట్టాడు, నేనూ దిగాను చెప్పుల్లేకుండా.
నిజం చెప్పాలంటే ఆ వారంలో
నేను గడప దాటింది ఆ ఒక్కసారే.

డాక్టరమ్మ హలబ్ ఆవిడ.
నా చేతుల వణుకు చూసి తిట్టలేదు.
కాగితం మీద మెట్లు గీసింది,
మెట్టు మెట్టుకీ ఒక అంకె.
"శువయ్యా, శువయ్యా" అంది.
ఇక్కడికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న మాట,
బరువులు మోసేవాళ్ల వెనక అరిచే మాట.
నా వెనక ఎవరూ అరవలేదు అప్పటిదాకా.

అప్పటినుంచీ సూదిమొన, నల్లగుడ్డ, లెక్క.
ఒక మెట్టు దిగి నెల కూర్చుంటాను.
కొన్ని మెట్ల మీద రెండు నెలలు.
దుమ్ముగాలి వీచిన ఒక ఏప్రిల్లో
ఒక మెట్టు వెనక్కి ఎక్కాను కూడా.
మాస్టర్ నియామత్ నా వంకరకుట్లు చూశాడు,
ఏమీ అనలేదు.
పొద్దున వచ్చేసరికి ఆ వరస విప్పి ఉంది,
దారం చుట్టి పక్కన పెట్టి ఉంది.

ఇంక మంచి సంగతులు. అవీ సరిగ్గా రాలేదు,
దొంగల్లా వచ్చాయి.
ఒక శుక్రవారం ఉల్లిపాయలు వేగుతుంటే
ఆ వాసన ముక్కుదాకా వచ్చింది.
ఆరేళ్లుగా అది అద్దానికి అవతలే ఉండేది.
కళ్లు నిండాయి. దస్తగిరమ్మ ఉల్లి ఘాటనుకుంది.
అనుకోనీ.
ఇంకోరోజు బెండకాయల దగ్గర నూరు ఫిల్సుల కోసం
పది నిముషాలు బేరమాడి,
గెలిచి, ముదురువి ఏరుకొచ్చాను.

మొన్న పొద్దున బాత్రూము వంతు నాది.
ఆమె దూరి గడియ పెట్టుకుంది.
తలుపు మీద గుద్ది అరిచాను,
నా నోట్లోంచి వచ్చిందా అన్నంత గట్టిగా.
తలుపు తీసింది, నెత్తిన సబ్బునురగ,
నన్ను పైనుంచి కిందికి చూసింది:
"వచ్చినావా రెడ్డెమ్మా!
ఇన్నాళ్లూ యాడికి పోయినావే?"

చిట్ ఇంకా వస్తుంది, నిద్ర తక్కువైన రోజు.
దానికి చోటిచ్చి
సూదిలో దారం ఎక్కిస్తాను,
ఒక్కోసారి మొదటి ప్రయత్నానికే.

గొట్టంలో ఇంకా నలభైమూడు.
తీసేసిన వాటిలో ఒకటి నిన్న రాత్రి
గుడ్డ మీంచి జారి గచ్చు మీద ఎటో దొర్లింది.
వంగి వెతకబోయి
మానుకున్నాను.
పొద్దున చీపురుకు దొరుకుతుందిలే.
రేపు వంట వంతు నాది,
చింతపండు నానబెట్టాలి.