నురగ

ఆయిస్టిన్స్ రేవులో ఎగిరే చేపల ముళ్ళు తీసేదాన్ని.
నిమిషానికి మూడు.
నాతో పందెం కట్టినవాళ్ళు రమ్ము కొనిచ్చి వెళ్ళారు.
నా వేళ్ళు నా మాట విన్న రోజుల సంగతి అది.

ఇప్పుడు లేవగానే పిడికిలి ముడిచి చూసుకుంటాను.
ముడుచుకుంటే పనికి.
మొరాయిస్తే
గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో రెండు చేతులూ పెట్టి
బియ్యం నానినట్టు
నానుతూ కూర్చుంటాను.

ముక్కుకి అటూ ఇటూ పరుచుకున్న ఎర్రదనాన్ని
డాక్టరమ్మ సీతాకోకచిలుక అంది.
"కాదు, వెన్నుముల్లు తీసి విప్పి పెట్టిన చేప" అన్నాను.
నవ్వుతూనే రాసిచ్చింది:
పొద్దుటికి ఇది, రాత్రికి ఇది,
ఏడాదికోసారి కంటి పరీక్ష,
ఎండలోకి వెళ్ళకూడదు.

వెళ్ళకూడదట!
బార్బడోస్‌లో ఎండ తగలని చోటు
ఒక్క శవపేటికే.

స్టెరాయిడ్ల పుణ్యమా అని మొహం ఉబ్బితే
మిసెస్ గ్రీనిడ్జ్ బుగ్గ గిల్లి
"కాస్త ఒళ్ళు చేశావు వెర్లీన్, కళగా ఉన్నావు" అంది.
థాంక్యూ అన్నాను.
ఇంకేం అంటాను?

కిందటేడు, బాగానే ఉన్నాగా అని
నలభై రోజులు మాత్రలు మానేశాను.
ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడం ఎంత తియ్యగా ఉంటుందో
మీకు తెలియదు.

నలభై ఒకటో రోజు పొద్దున
మరుగుదొడ్లో నురగ.

సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నురగ నాకు కొత్తా?
పడవ వెనకాల పరుగెత్తుకొచ్చేది వేరు,
రాళ్ళకి తల కొట్టుకుని చచ్చేది వేరు.
ఇది నీళ్ళు పోసినా పోలేదు,
అంచు పట్టుకుని నిలబడి నన్నే చూసింది.
లోపలెక్కడో వల చిరిగింది,
జారకూడనిది జారిపోతోంది.
ల్యాబు కాగితం కంటే ముందు నాకే తెలిసింది.

వీపులోంచి సూదితో మూత్రపిండం ముక్క తీశారు.
ఇన్నేళ్ళు కత్తి నా చేతిలో ఉండేది.
బోర్లా పడుకుని
బల్లమీది చేపలన్నిటికీ
మనసులోనే క్షమాపణ చెప్పాను.
ఒకటి రెండిటికి చెప్పలేదులెండి,
అవి నన్ను గుచ్చాయి.

ఇప్పుడు నెలకోసారి సెలైన్ సీసా కింద సగం పూట.
మాత్రల డబ్బా బైబిలు మీద,
బైబిలు తెరవాలంటే ముందు అది ఎత్తాలి.

సాయంత్రం ఆరుంబావు.
పొద్దు పూర్తిగా మునిగాక
పొడుగుచేతుల చొక్కాతో రేవుకొస్తాను.
ఐయోన్ నా బల్లమీద లాంతరు వేలాడదీసి
నేను చూడలేదనుకుని
కత్తికి పదును పెట్టి వెళ్తుంది.

నిమిషానికి ఒకటి.
ఒక్కటే.
ఆ ఒక్కదాంట్లో మాత్రం
ముల్లు మిగలదు.