మైలుతుత్తం

"మూచ్చు పుడింగ" అంది ఎక్స్‌రే గదిలో అమ్మాయి.
ఊపిరి పట్టాను.
చల్లటి పలకకి గడ్డం ఆనించి
పదకొండేళ్ళ కాగితం దుమ్మును
కదలకుండా లోపలే పట్టుకున్నాను.

చెన్నపట్నం, తంగసాల వీధి.
జోళ్ళ కొట్టు పక్క మెట్లెక్కితే
రెండో అంతస్తులో చెంగల్రాయులు బైండింగు.
షావుకార్ల చిట్టాలు, వకీళ్ళ లా పుస్తకాలు
వీపులూడి వచ్చేవి,
నిటారుగా దిగి వెళ్ళేవి.
మైదా ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలపడం
అక్కడ నా మొదటి పాఠం.
పురుగు పట్టదు.
వేళ్ళు మాత్రం ముందు నీలంగా మారి
తర్వాత నున్నగా అరిగిపోతాయి.

ఆ వేళ్ళనే
వీసా ఆఫీసులో గాజు పలక మీద పెట్టాను.
"మళ్ళీ పెట్టండి మేడమ్."
పెట్టాను.
"గట్టిగా నొక్కండి."
నొక్కాను.
యంత్రానికి నేను కనపడలేదు.
తడి గుడ్డ ఇచ్చాడు, పొడి గుడ్డ ఇచ్చాడు.
వెనక లైన్లో ఫైళ్ళు గుండెకి హత్తుకున్న కుర్రాళ్ళు
గొంతులు సవరించుకున్నారు.
ఏడోసారికి కుడి చూపుడువేలు ఒప్పుకుంది,
మిగతావి దాని వెంట నడిచాయి.

ఇక డబ్బు.
అది బ్యాంకులో ఇరవై ఎనిమిది రోజులు
కదలకుండా కూర్చోవాలట.
కోడిగుడ్డుకి ఇరవై ఒకటి చాలు.
స్కాలర్‌షిప్పు పోను తక్కువపడిన దానికి
సుగుణమ్మ పాడిన చీటీ,
పెరంబూరు చిన్నాన్న పీఎఫ్ మీద తీసిన అప్పు.
రోజూ పొద్దున్నే ఫోన్లో ఖాతా తెరిచి
పొదిగే పెట్టను లేపకుండా
గంప సందులోంచి తొంగిచూసినట్టు చూసేదాన్ని.
పద్దెనిమిదో రోజు
మెసేజీల ఖర్చని బ్యాంకువాళ్ళే
పదిహేడు రూపాయలు కోసుకున్నారు.
ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు.

అంతకు ముందు, ఇంటర్వ్యూలో,
తెర మీద నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ అడిగింది:
మా విశ్వవిద్యాలయమే ఎందుకు?
ఆమె వెనక కిటికీలో రాతి గోపురం తడుస్తోంది.
ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర, గ్రంథ సంరక్షణలో పేరు...
రాసిపెట్టుకున్నది తడబడకుండా అప్పజెప్పాను.

అసలు జవాబు ఒక ఫొటో.
వాళ్ళ గ్రంథాలయంలో, ఏనాడో ఇక్కడ ఓడెక్కిన
తెలుగు లెక్కల పుస్తకం.
వీపు చీలి, కుట్టు బయటపడి ఉంది.
చివరి ముడి రెండు చుట్లు తిరిగి
కింద నుంచి దూరింది.
అలా వేసేవాళ్ళు, నాకు తెలిసి,
మా మెట్ల మీద తప్ప ఎక్కడా లేరు.
ఫొటో పెద్దది చేసి పెద్దాయనకి చూపించాను.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
చాలాసేపు చూశాడు.
"మా తాత ముడిలాగుందే" అన్నాడు.
మళ్ళీ వెంటనే
"ఎవడిదైతేనేం, బిగిసిందా లేదా" అని
దారం మైనంలో దువ్వడం మొదలుపెట్టాడు.
ఆ సాయంత్రం మాత్రం
టీకి రెండుసార్లు పంపించాడు నన్ను.

ఎక్స్‌రే రిపోర్టు వచ్చింది.
లోపల ఏమీ లేదట.
ఎవరెవరి బాకీలో, ఏ తగాదాల తీర్పులో,
పొడై రాలినవన్నీ పీల్చాను కదా.
ఏమీ లేదట.
సంతకం పెట్టి ముద్ర కూడా వేశారు.
బస్సులో ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తాను.
రెండు వైపులా వరసగా ఎముకలు,
నడుమ వెన్ను.
ఫరవాలేదు, కుట్టు గట్టిదే.

పెద్దాయన రిపోర్టు వైపు చూడనే లేదు.
"అక్కడ మైదా దొరుకుతుందా?" అన్నాడు.
దొరుకుతుంది.
"మైలుతుత్తం?"
తెలీదన్నాను.
చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళి
కాగితంలో పొట్లం కట్టించుకొచ్చాడు.
విమానంలో పోనివ్వరయ్యా అంటే
నా మీద కోపం తెచ్చుకున్నాడు.
"ఎనిమిది వందల ఏళ్ళంటున్నావు.
పురుగులు లేకుండా ఉంటాయా?"
గొణుక్కుంటూ పొట్లాన్ని
జిగురు గిన్నె పక్కన, పై అరలో,
నా చెయ్యి అందేచోట పెట్టాడు.