డి పక్కన సందు

ఎడమ కాలుకు పని లేక ఏడేండ్లయింది.
నిజ్వాల దిగిన మొదటి వారం
లేని క్లచ్చును తొక్కబోయి బ్రేకు తొక్కిన.
వెనక సీట్ల షంసా పెద్దమ్మ చేతిల పళ్లెం ఎగిరి
ఖర్జూరాలన్నీ నా మెడ మీద పడ్డయి.
అప్పటి నుంచి దాన్ని మూలకు కూసోబెట్టిన,
సస్పెండైన కండక్టరు
యూనిఫారమేసుకొని డిపోల కూసున్నట్టు.

మైదానంల ఈ బండికి నాతో పని లేదు.
ఎప్పుడు రెండు, ఎప్పుడు మూడు, ఎప్పుడు ఐదు,
అదే అనుకుంటది, అదే ఏసుకుంటది.
నేను స్టీరింగు పట్టుకున్న సాక్షిని.

ఏప్రిల్ల జబల్ అఖ్దర్ మీద గులాబీలు కోతకొస్తయి.
పెద్దమ్మ పుట్టిల్లు అక్కడనే.
బిర్కత్ అల్ మౌజ్ కాడ పోలీసాయన
నాలుగు చక్రాల బలముందా అని అడుగుతడు,
బత్తాకా చూస్తడు, పోనిస్తడు.
ఎక్కుడేముంది, ఏ బండైనా ఎక్కుతది.
దిగుడు కాడ తెలుస్తది.

డిక్కీల పన్నీరు సీసాలు ఇరవై,
ఒకదానికొకటి తగిలి చిన్నగ ముచ్చట పెట్టుకుంటున్నయి.
మా ముందు ఒక తెల్ల కిరాయి జీపు,
మలుపు మలుపుకు ఎర్రలైటు,
చక్రాల కాడ సన్నటి పొగ.
పన్నీరు వాసనను తోసుకొని
కాలిన బ్రేకుల వాసన లోపలికొచ్చింది,
పెనం మీద చింతగింజలు మరిచిపోయినట్టు.

మొగిలి ఉస్తాదు యాదికొచ్చిండు.
నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాటు, సిమెంటు లోడు,
బీడీ నోట్లెనే పెట్టుకొని చెప్పిండు:
"ఏ గేరుల ఎక్కినవో ఆ గేరులనే దిగాలె బిడ్డా.
బ్రేకు ఆపేతందుకు. గేరు పట్టుకునేతందుకు."

డి పక్కన ఒక సందుంటది.
పైన కూడిక గుర్తు, కింద తీసివేత.
ఇంటికాడోళ్లకు నేనెప్పుడూ కూడిక గుర్తునే.
కింది దిక్కు ఒక్క గుంజు: నాలుగు మూడైంది.
ఇంకో గుంజు: రెండు.
ఇంజను గొంతెత్తింది.
ఎవరో అంగీ పట్టి వెనక్కి గుంజినట్టు బండి నెమ్మదించింది.

పెద్దమ్మ ముసుగు సర్దుకొని ముందుకు వంగింది.
"బండికి కోపమొచ్చిందా?"
"లా, మామా. కోపం గాదు. పట్టుకున్నది."
పట్టుకునుడుకు అరబ్బీల ఏమంటరో తెల్వక
పిడికిలి బిగించి చూపెట్టిన.
ఆమె నా పిడికిలి చూసింది, లోయ చూసింది,
తన పిడికిలి కూడ బిగించి ఒళ్లె పెట్టుకున్నది.

అట్లని ఇది నా రాజ్యమేం గాదు.
ఒకసారి జోరు మీద ఒకటో గేరు అడిగిన.
టింగు టింగుమన్నది, ఇయ్యలె.
సెలవు అడిగితే అర్బాబు
"రంజాన్ తర్వాత చూద్దాం" అన్నట్టు,
మర్యాదగనే.
అడుగుడు నాది, ఇచ్చుడు దానిది.
క్లచ్చు లేదు గనుక
నడుమ ఆ రెప్పపాటు ఖాళీ కూడ లేదు,
ఇంజనుకు చక్రాలకు తెగతెంపులై
బండి ఎవనిదీ గాని ఆ ఘడియ.
కాలు ఎదురుచూసేది దాని కోసమే కావచ్చు.

కింద మలుపుల తెల్ల జీపు ఆగి ఉన్నది.
ఒక పిలగాడు, ఒక పిల్ల,
సీసా మూత తీసి చక్రం మీద నీళ్లు పొయ్యబోతున్నరు.
"వొద్దు వొద్దు" అనుకుంట తెలుగులనే ఉరికిన.
చల్లారనియ్యమని చేతులతోని చెప్పి
వాళ్ల గేరు కాడికి వంగి సందు చూపెట్టిన.
మూడు దినాల సంది ఆ సీట్లనే కూసున్నదట ఆ పిల్ల,
చూడనే లేదట.
పెద్దమ్మ అద్దం దించి
వాళ్లకొక పన్నీరు సీసా ఇచ్చింది.

చెక్‌పోస్టు దాటినంక కర్రను కుడి దిక్కు నూకిన.
డి.
ఇంజను మాట తగ్గించింది. ఇగ నాతో పని లేదు.

రాత్రి నా గదిల వంటాయన సుక్కూర్ అంటడు,
నిద్రల నా ఎడమ కాలు
గోడను లోపలి దాక నొక్కి,
కొంచెం ఆగి,
మెల్లగ, చానా మెల్లగ వదులుతదట.
అక్కడ సున్నం రాలింది.